హేమకుండ్ సరోవరానికి ఘాంఘరియా నుంచి ఒక్క రోజులో వెళ్లి రావడం: రద్దీ దారిలో కుటుంబంతో నడిచేవారికి సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. కూకట్‌పల్లి నుంచి మీరు, మీ శ్రీమతి, పదమూడేళ్ల అమ్మాయి, అరవై ఆరేళ్ల మీ నాన్నగారు ఆగస్టు రెండో వారంలో ఉత్తరాఖండ్ వెళ్తున్నారు. గోవింద్‌ఘాట్ మీదుగా కొండ మీది చివరి బస ఊరు ఘాంఘరియా చేరి, మర్నాడే సిక్కుల పుణ్యక్షేత్రమైన హేమకుండ్ సరోవరం ఎక్కి, అదే రోజు దిగిరావాలన్నది మీ ఆలోచన. ఆ దారి జనంతో, గుర్రాలతో కిక్కిరిసి ఉంటుందని విన్నారు కనుక ఎన్నింటికి బయలుదేరాలి, నాన్నగారిని గుర్రం మీద పంపవచ్చా, పక్కనే ఉన్న పూలలోయను (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) కూడా కలుపుకోవచ్చా అని అడిగారు.

ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. పైన రాత్రి బస లేదు కనుక అందరూ అలాగే వెళ్లి రావాలి. అయితే ఘాంఘరియా చేరిన మర్నాడే ఎక్కవద్దు. మధ్యలో ఒక రోజు పూలలోయకు కేటాయించండి. ఘాంఘరియాలో రెండు రాత్రులు నిద్రపోయాక, మూడో రోజు ఉదయం ఐదింటికి గది విడవండి. పదకొండున్నరకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలని ముందు రాత్రే నలుగురూ కూర్చుని నిర్ణయించుకోండి. మీ ప్రణాళికకు ఒక రోజు అదనంగా కావాలి. సెలవు దొరకకపోతే హేమకుండ్‌ను మరో ఏడాదికి వాయిదా వేసి, పూలలోయ ఒక్కటే చూసి రమ్మంటాను.

హైదరాబాద్ నుంచి కుటుంబాలను, ఉద్యోగుల బృందాలను గఢ్వాల్ కొండలకు తీసుకువెళ్లడం చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పని. ఈ ఒక్క రోజు నడక గురించి అడిగేవారిలో ఎక్కువ మంది దూరం చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఘాంఘరియా నుంచి సరోవరం సుమారు ఆరు కిలోమీటర్లే. దారి పొడవునా రాళ్లు పరిచి ఉంటాయి, తప్పిపోయే ప్రమాదం లేదు, టీ దుకాణాలు ఉంటాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరినవారికి ఇది పెద్ద లెక్కలోకి రాదనిపించడం సహజం. కాళ్ల వరకు ఆ లెక్క సరైనదే. కష్టం కాళ్ల దగ్గర రాదు, గాలి దగ్గర వస్తుంది.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పై చిలుకు ఎత్తులో ఉంది. ఘాంఘరియా 3,000 మీటర్లు దాటుతుంది. సరోవరం 4,000 మీటర్లకు పైన ఉంది. ఆ ఆరు కిలోమీటర్లలో మీరు ఎక్కే నిలువు ఎత్తు వెయ్యి మీటర్లకు మించి ఉంటుంది. గాలి పీడనం ఘాంఘరియాలో సముద్రమట్టంలోని దానిలో సుమారు 70 శాతం, సరోవరం దగ్గర 60 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ప్రతి శ్వాసలోనూ అందే ఆక్సిజన్ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. దీనికి శరీరం సర్దుకోవడానికి గంటలు చాలవు, రోజులు పడుతుంది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యులు చెప్పే మాట అందుకే. మీరు సరోవరం దగ్గర నిద్రపోరు, నిజమే. కానీ మీ ప్రణాళిక ప్రకారం గోవింద్‌ఘాట్‌కు ముందు వచ్చే జోషీమఠ్‌లో 1,900 మీటర్ల లోపు ఒక రాత్రి, ఘాంఘరియాలో ఒకే ఒక్క రాత్రి గడిపి, వెంటనే 4,000 దాటుతున్నారు. వయసు తక్కువైనా, రోజూ వ్యాయామం చేస్తున్నా ఈ విషయంలో మినహాయింపు లేదు. వ్యాయామశాలలో బాగా శ్రమించే యువకులే నాతో వచ్చినప్పుడు త్వరగా ఇబ్బంది పడటం చూశాను, ఎందుకంటే వారి కాళ్లు వారిని ఊపిరితిత్తులు ఒప్పుకోని వేగంతో తీసుకుపోతాయి.

ఇక రద్దీ సంగతి. మీరు దీన్ని ఆలస్యానికి సంబంధించిన సమస్యగా చూస్తున్నారు. నా అనుభవంలో అది అంతకంటే పెద్దది. జనం మధ్య నడిచేవాడికి తన సొంత నడక మిగలదు. ముందు పదిమంది, వెనుక పదిమంది ఉన్నప్పుడు తెలియకుండానే వారి వేగం అందుకుంటాం. దారి సన్నబడిన చోట గుర్రాలు వస్తే ఆగుతాం, అవి వెళ్లాక పోయిన సమయం పూడ్చుకోవాలని గబగబా అడుగులు వేస్తాం. ఆగడం, పరుగెత్తడం, మళ్లీ ఆగడం అన్న ఈ తీరు అంత ఎత్తులో మనిషిని నిలువునా అలసిపోయేలా చేస్తుంది. అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. తలనొప్పి మొదలైనా, వికారంగా ఉన్నా, ‘ఇంత మంది వెళ్తున్నారు, నేనెందుకు ఆగాలి’ అనుకుని ఎవరికీ చెప్పకుండా ముందుకు సాగిపోతారు. నిర్మానుష్యమైన దారిలో అదే మనిషి భయపడి వెనక్కి తిరిగేవాడు. గుంపు ఇచ్చే ధైర్యం ఇక్కడ మేలు చేయదు.

నా బృందంలోనే ఒకసారి బ్యాంకు ఉద్యోగి అయిన ఒక మహిళ సగానికి పైగా దారి చక్కగా ఎక్కారు. ఆ తర్వాత మాటలు తగ్గిపోయాయి. అడిగితే ‘ఏం లేదు, కొంచెం నిద్రగా ఉంది’ అన్నారు. నిజానికి అప్పటికే గంట సేపటి నుంచి తల పగిలిపోతోందట, పక్కనే పంజాబ్ నుంచి వచ్చిన వృద్ధురాళ్లు జపం చేసుకుంటూ ఎక్కుతుంటే తాను ఆగడం సిగ్గనిపించి చెప్పలేదట. ఆవిడను నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి, సహాయకుడిని తోడిచ్చి వెనక్కి పంపాను. ఘాంఘరియా చేరేలోగా తలనొప్పి చాలావరకు తగ్గింది. ఇంకో గంట పైకి నడిచి ఉంటే ఆ దిగుడు తన కాళ్లతో దిగగలిగేవారు కాదని నా నమ్మకం. అందుకే నాతో వచ్చేవారికి ఒక నియమం పెడతాను: ఎక్కేటప్పుడు తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, మాట తడబడటం, నడకలో తూలడం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పక్కవారికి చెప్పాలి. మొదటి రెండూ స్వల్పంగా ఉంటే ఆగి చూడవచ్చు, తగ్గకపోతే దిగాలి. చివరి మూడింటిలో ఒక్కటి కనిపించినా చర్చ లేదు, ఆ క్షణం నుంచి దిగడమే వైద్యం. ఆక్సిజన్ డబ్బా కొని పీల్చుతూ పైకి నడవడం దీనికి పరిష్కారం కాదు.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి తగిలించుకునే ఆక్సిమీటరు గురించి తప్పకుండా అడుగుతారు కనుక చెబుతున్నాను. ఆ ఎత్తులో ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా అంకె ఎనభైల్లోకి దిగుతుంది. హైదరాబాద్‌లో ఆ అంకె చూస్తే ఆసుపత్రికి పరుగెత్తుతాం కాబట్టి దారిలో దాన్ని చూసి కంగారుపడేవారు ఉన్నారు, అంకె బాగుంది కదా అని లక్షణాలను పట్టించుకోనివారూ ఉన్నారు. మనిషిని చూడండి, అంకెను కాదు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి అసెటజోలమైడ్ మాత్రలు ముందు జాగ్రత్తగా పనికివస్తాయి, కానీ సల్ఫా మందులు పడనివారు, ఇతర మందులు వాడుతున్నవారు ఉంటారు. కాబట్టి నలుగురి విషయంలోనూ ఇక్కడే వైద్యుడిని సంప్రదించి నిర్ణయించుకోవాలి. మీ నాన్నగారికి రక్తపోటు మాత్రలు ఉన్నాయన్నారు కనుక ఆయన గుండె వైద్యుడిని కలవకుండా టిక్కెట్లు కొనవద్దు.

ఉదయం ఐదింటికి బయలుదేరమనడానికి మూడు కారణాలున్నాయి. గుర్రాల మీద వెళ్లేవారిలో ఎక్కువ మంది అల్పాహారం చేసి వెలుతురు వచ్చాక కదులుతారు. ఆలోపు మీరు ఊరు దాటి, పూలలోయ దారి ఎడమకు చీలే చోటు కూడా దాటి ఉంటే, వారు మిమ్మల్ని అందుకునేసరికి దారిలో మంచి భాగం ప్రశాంతంగా గడిచిపోయి ఉంటుంది. రెండోది వాతావరణం. ఆగస్టులో ఉదయం పూట ఆకాశం తేటపడే అవకాశం ఎక్కువ, మధ్యాహ్నానికి మేఘాలు కమ్ముకుని సరోవరమే కనిపించకుండా పోతుంది. మూడోది, మీ నలుగురిలో నెమ్మదిగా నడిచేవారికి నాలుగున్నర నుంచి ఐదు గంటలు పట్టవచ్చు, పైన గంటన్నర గడిపి, మూడు గంటల్లో దిగితే మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య గదికి చేరతారు. మధ్యాహ్నం తర్వాత పైన ఎవరినీ ఉండనివ్వరు కనుక ఆలస్యంగా ఎక్కినవారు అరగంట కూడా నిలవకుండా దిగవలసి వస్తుంది. తలకు కట్టుకునే టార్చిలైటు ఒక్కొక్కరికి ఒకటి ఉండాలి. ఫోను వెలుతురుతో నడిస్తే చేయి ఖాళీగా ఉండదు.

నడక తీరు గురించి ఒక్క మాట. పక్కవారితో ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవండి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగవలసి వస్తే మీ వేగం ఎక్కువైనట్టే. చివరి భాగంలో గుర్రాల దారి మలుపులు తిరుగుతూ పోతుంటే, దాన్ని అడ్డంగా కోస్తూ నిటారైన మెట్ల దారి కనిపిస్తుంది. దగ్గరి దారి కదా అని జనం అటు మళ్లుతారు. ఎక్కేటప్పుడు ఆ మెట్ల వైపు వెళ్లకండి. అప్పటికి మీరు 4,000 మీటర్ల దగ్గర ఉంటారు, నిటారు మెట్లు అక్కడ తీసుకునే శ్రమ మలుపుల దారిలో మిగుల్చుకున్న బలమంతా లాగేస్తుంది.

గుర్రాలు ఎదురైనప్పుడు ఎప్పుడూ కొండ గోడ వైపే నిలబడండి, లోయ అంచు వైపు కాదు. అక్కడ గుర్రాలని అందరూ అనేవి చాలావరకు కంచర గాడిదలు. వాటి వీపు మీది సామాను రెండు వైపులా పొడుచుకు వచ్చి ఉంటుంది, దాని తాకిడికి మనిషి తూలితే అంచు వైపు ఉన్నవాడికి ఆధారం ఉండదు. మీ అమ్మాయికి ఇది ఒకటికి రెండుసార్లు చెప్పండి. పిల్లలు ఫొటో కోసం అంచుకే వెళ్తారు. వర్షంలో పరచిన రాళ్ల మీద పేడ కలిసి జారుడుగా మారుతుంది కనుక కొత్త బూట్లతో కాకుండా, పట్టు బాగా ఉండి నెల రోజులైనా తొడిగి అలవాటైన బూట్లతో రండి. ఒక్కొక్కరికి ఒక చేతికర్ర ఉంటే దిగేటప్పుడు మోకాళ్లకు చాలా ఊరట.

నాన్నగారి గుర్రం విషయానికి వస్తే, గుర్రం ఆయన మోకాళ్లను కాపాడుతుంది గానీ ఊపిరితిత్తులకు ఏ సాయమూ చేయదు. పైగా నడిచేవారి కంటే వేగంగా పైకి చేరుస్తుంది కాబట్టి శరీరానికి సర్దుకునే వ్యవధి ఇంకా తగ్గుతుంది. నడిచేవారికి ఒంట్లో వేడి పుడుతుంది, కూర్చుని వెళ్లేవారికి పుట్టదు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది, గాలి తోడైతే చలి ఇంకా ఎక్కువ. కాబట్టి గుర్రం మీద వెళ్తే ఆయనకు ఉన్ని టోపీ, చేతి తొడుగులు, గాలి చొరబడని కోటు కింది నుంచే వేసి ఎక్కించండి. మీలో ఒకరు మరో గుర్రం మీద ఆయన వెంట ఉండాలి, ఆయన ఒంటరిగా ముందు చేరి, మీ కోసం చలిలో రెండు గంటలు కూర్చునే పరిస్థితి రాకూడదు. దిగేటప్పుడు తడిసిన నిటారు రాళ్ల మీద గుర్రం స్వారీ పెద్దవారికి భయం, నడుముకు కుదుపు. నలుగురు మోసే డోలీ ఖర్చు ఎక్కువైనా దిగడానికి నేను దాన్నే సిఫారసు చేస్తాను. ఆయన నడవగలిగితే చేతికర్రలు రెండు ఇచ్చి, మెల్లగా నడిపించడం అన్నిటికంటే మంచిది.

రద్దీలో కుటుంబాలు విడిపోవడం ఎక్కువగా చూస్తుంటాను. ఒక జంట విషయంలో భర్త తన వేగంతో ముందుకు వెళ్లిపోయారు. ఇద్దరి వాన కోట్లు, నీళ్ల సీసాలు, మందులు అన్నీ ఆయన సంచిలోనే ఉన్నాయి. వర్షం వచ్చింది. ఆవిడ మలుపు మలుపుకూ తడుస్తూ, ఆయన ఎక్కడున్నారో తెలియక, ఫోను కలవక, చివరకు ఒక టీ దుకాణంలో వణుకుతూ కూర్చుని మాకు కనిపించారు. తడి బట్టలు, చలిగాలి, ఎత్తు మూడూ కలిస్తే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతుంది. ప్రతి ఒక్కరి వాన కోటు, లీటరు నీళ్లు, కొంత తిండి, కొంత నగదు వారి వీపు మీదే ఉండాలి, మీ అమ్మాయికి కూడా. నలుగురిలో నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి, వేగంగా నడిచేవారు చివర ఉండాలి. ఎంత చెప్పినా మగవాళ్లు దీన్ని తిరగేస్తారు, దయచేసి మీరు తిరగేయకండి. సంచి బరువుగా ఉంటే ఘాంఘరియాలో కూలీని మాట్లాడుకోండి, ధర ముందే ఖరారు చేసుకోండి.

పైకి చేరాక గురుద్వారాలో తల కప్పుకోవాలి, బూట్లు విప్పాలి. నేల మంచులా ఉంటుంది, కనుక పొడి ఉన్ని మేజోళ్లు ఒక జత అదనంగా ఉంచుకోండి. అక్కడి ఉచిత భోజనశాల అయిన లంగరులో వేడి కిచిడీ, టీ ఇస్తారు. మతం, ప్రాంతం ఏదీ అడగరు, సేవ చేసేవారు చూపే ఆదరం చూసి నాతో వచ్చిన ఎంతో మంది కదిలిపోయారు. సరోవరం ఒడ్డునే లక్ష్మణుడి గుడి ఉంది, మన వైపు నుంచి వచ్చిన చాలా మందికి ఆ సంగతి తెలియక చూడకుండానే దిగిపోతారు. సరోవరంలో మునక వేయడం సిక్కు యాత్రికులకు పవిత్రం. రక్తపోటు ఉన్న మీ నాన్నగారు మాత్రం మునగకూడదు. మంచు కరిగిన నీళ్లలో ఒక్కసారిగా మునిగితే రక్తపోటు అమాంతం పెరిగి, గుండె మీద భారం పడుతుంది. దోసిలితో నీళ్లు తల మీద చల్లుకుంటే చాలు. ఆగస్టులో ఆ చుట్టుపక్కల రాళ్ల మధ్య బ్రహ్మకమలాలు పూస్తాయి. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. కోయకండి, కోసినవారి దగ్గర కొనకండి.

పూలలోయను ముందు రోజు పెట్టమనడానికి కారణం మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఎక్కుడు తక్కువ, ఎత్తు ఘాంఘరియా కంటే కొంచెమే ఎక్కువ, ఆ రోజు నడక హేమకుండ్‌కు శరీరాన్ని సిద్ధం చేస్తుంది. లోపలికి గుర్రాలను రానివ్వరు కాబట్టి దారి ప్రశాంతంగా ఉంటుంది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ లోయ ఆగస్టులోనే నిండుగా ఉంటుంది, ఆ నెల ఎంచుకోవడం మీరు చేసిన మంచి పని. హేమకుండ్‌కు యాత్రికుల తాకిడి బాగా ఎక్కువగా ఉండేది జూన్‌లో, అప్పుడు పై భాగంలో మంచు మధ్య నడవాలి. ఆగస్టులో మంచు సమస్య తగ్గి వాన సమస్య వస్తుంది.

ఆ వాన సమస్య నడకదారి కంటే రోడ్డు మీదే ఎక్కువ. ఋషీకేశ్ నుంచి గోవింద్‌ఘాట్ దాదాపు 270 కిలోమీటర్లు, దేవప్రయాగ దాకా గంగ వెంట, ఆ తర్వాత అలకనంద వెంట పోయే కొండదారి. ఆ దారిలోని శ్రీనగర్ (కశ్మీర్‌ది కాదు), రుద్రప్రయాగ మధ్య సిరోబగడ్ లాంటి చోట్ల కొండచరియలు విరిగిపడి గంటల తరబడి ఆగిపోవడం వర్షాకాలంలో మామూలే. తిరుగు విమానానికి ముందు ఒక రోజు పూర్తిగా ఖాళీగా ఉంచుకోండి. రాత్రి పూట కొండదారిలో ప్రయాణించవద్దు. యాత్రకు ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ దగ్గర నమోదు కూడా బయలుదేరే ముందే చేసుకోండి.

మరో రెండు రోజులు దొరికితే నా దగ్గర ఇంకో సూచన ఉంది. రుద్రప్రయాగ నుంచి ఊఖీమఠ్ వైపు తిరిగి, సారీ గ్రామంలో రాత్రి ఉండి, ఉదయం దేవరియా తాల్ ఎక్కండి. సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న సరస్సు, రెండున్నర, మూడు కిలోమీటర్ల ఎక్కుడు. ఆకాశం తేటగా ఉంటే చౌఖంబా శిఖరాలు నీళ్లలో కనిపిస్తాయి. అక్కడి నుంచి చోప్తా, గోపేశ్వర్, చమోలీ మీదుగా జోషీమఠ్ చేరవచ్చు. మీ నాన్నగారి నడక, ఆయాసం ఎలా ఉన్నాయో ఆ చిన్న ఎక్కుడులోనే మీకు స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఆయన ఇబ్బంది పడితే హేమకుండ్ రోజున ఆయన్ని ఘాంఘరియాలోనే విశ్రాంతిగా ఉంచవచ్చు.

కొందరు మీకు రోప్‌వే వచ్చేదాకా ఆగమని సలహా ఇచ్చారని రాశారు. గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్‌కు 12.4 కిలోమీటర్ల రోప్‌వేకు కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో ఆమోదం తెలిపింది. నడవలేని భక్తులకు అది వరమే అవుతుంది. కానీ 1,800 మీటర్ల దగ్గర ఎక్కి కాసేపట్లోనే 4,000 మీటర్ల పైన దిగేవారికి ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది ఇంకా హఠాత్తుగా వస్తుంది కనుక, ఇప్పుడు చెప్పిన జాగ్రత్తలన్నీ అప్పుడూ అవసరమే. మీ ఆరోగ్యం సహకరిస్తే నడిచే వెళ్లండి.

సన్నాహానికి ఇంకా సమయం ఉంది. వారంలో నాలుగు రోజులు గంటసేపు చురుకైన నడక, ఆదివారాలు గోల్కొండ కోటలో పైనున్న బారాదరి మండపం దాకా మూడు, నాలుగుసార్లు ఎక్కి దిగడం, నెలకు ఒకటి రెండుసార్లు భువనగిరి కోట లేదా అనంతగిరి కొండల్లో సగం రోజు నడక, ఇవి చాలు. వీపున అయిదు కిలోల సంచి, కాళ్లకు అక్కడ తొడిగే బూట్లు ఉండాలి. దిగడం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి, హేమకుండ్ నుంచి వచ్చాక మోకాళ్లు పట్టేశాయని చెప్పేవారంతా ఎక్కుడే సాధన చేసినవారు.

గుండె వైద్యుడు మీ నాన్నగారి గురించి ఏం చెప్పారో, ఆయన ప్రస్తుతం ఆగకుండా ఎంతసేపు మెట్లు ఎక్కగలుగుతున్నారో ఇక్కడ రాయండి. ఆ రెండూ తెలిస్తే ఆయన నడవడమా, గుర్రమా, డోలీయా అన్నది, రోజువారీ ప్రణాళికతో సహా రాసి ఇస్తాను.